తూర్పున మూడడుగులు, పడమట నాలుగున్నర

రెండో రోజు

చంద్రుడి మీది మంచు గనుల నుంచి తిరిగొచ్చిన వాళ్ల ఇళ్లకి పునరావాస కేంద్రం తలా ఒక పుస్తకం ఇస్తుంది. వచ్చిన మనిషి ఏం తిన్నదీ, ఎంతసేపు కూర్చున్నదీ, ఎక్కడ నొప్పి అన్నదీ ఇంట్లోవాళ్లు రాయాలి. ప్రతిరోజూ అక్కర్లేదు, చెప్పుకోదగ్గది జరిగిన రోజు రాస్తే చాలన్నారు. నా పేరు లోకనాథం. తూర్పుమెట్ట బడిలో ముప్పై ఏళ్లు భూగోళం చెప్పాను. తిరిగొచ్చిన మనిషి నా భార్య పైడితల్లి. తొమ్మిదేళ్ల తర్వాత నిన్న ఇల్లు చేరింది.

నలుగురు మోసుకొచ్చి ముందుగదిలో మంచం మీద దించారు. కాసేపు పైకప్పు చూస్తూ పడుకుంది. తర్వాత, "ఇంత బరువుగా ఉండీదా మాస్టారూ ఇక్కడ?" అంది. పెళ్లయిన కొత్తలో మా అమ్మ ముందు నన్నెలా పిలవాలో తెలియక ఊరందరిలాగే మాస్టారూ అంది. అదే నిలిచిపోయింది.

పొద్దున ముఖం కడుక్కోవడానికి చెంబుతో నీళ్లిచ్చాను. పళ్లెంలోకి వంచింది. నీళ్లు పడ్డ వేగానికి ఉలిక్కిపడి చెంబు వదిలేసింది. అక్కడ నీళ్లు తీరిగ్గా దిగుతాయట. దుప్పటి తడిసింది. తుడుస్తుంటే సిగ్గుపడి ముఖం అటు తిప్పుకుంది. నా దగ్గర ఆమె సిగ్గుపడడం నాకు కొత్త.

తిన్నది: గరిటెడు గంజి. కూర్చున్నది: తొమ్మిది నిమిషాలు. నొప్పి: అంతటా. అంతటా అని రాయడానికి పుస్తకంలో గడి లేదు. పక్కన రాశాను.

నాలుగో రోజు

డాక్టర్ రెహానా వచ్చింది. ఎముకల ఫోటోలు కిటికీ వెలుతురుకి ఎత్తి చూపించింది. నాకేమీ అర్థం కాలేదు. ఆమె అర్థమయ్యేలా చెప్పింది. పైడి ఎముకలు భూమి బరువుని మరిచిపోయాయి. ఇప్పుడు నేల మీద నిలబెడితే విరుగుతాయి. నీళ్లలో నిలబెట్టాలి. మెడలోతు నీళ్లలో ఉంటే ఒంటికి చంద్రుడి మీద ఉన్నంత బరువే తెలుస్తుంది. అక్కడ మొదలుపెట్టి, వారాలు గడిచేకొద్దీ లోతు తగ్గించుకుంటూ నడుము దాకా రావాలి. ఆ తర్వాత నేల.

"ముప్పయ్యో రోజు లోపు మొదలవ్వాలండీ. ఆ తర్వాత ఎముక మాట వినదు" అంది.

కేంద్రంలో కొలను ఉంది. అరవై కిలోమీటర్లు, కొండదారి. వరసలో పైడి ముందు నూటపది మంది ఉన్నారు. పైగా ఆ గతుకుల్లో తీసుకెళ్తే వెన్ను నిలవదని డాక్టరే చెప్పింది.

"మరి?"

"పెరడుంది కదండీ మీకు. ఒక చిన్న స్విమ్మింగ్ పూల్ కట్టించుకోండి. అనుమతి తెచ్చుకుంటే సరి."

అనుమతి తెచ్చుకుంటే సరి. ఆ మాట చాలా మామూలుగా అంది.

ఆరో రోజు

మెట్ట కార్యాలయానికి వెళ్లాను. అనుమతుల బల్ల దగ్గర సుగుణ ఉంది. నా దగ్గరే ఏడో తరగతి చదివింది. కుర్చీ వేసింది.

తూర్పుమెట్టలో సొంత ఈత కొలను కోసం దరఖాస్తు చేసినవాళ్లు లేరట. కానీ నిబంధనలున్నాయి. సుగుణ చదివింది. లోతు మూడడుగులు మించకూడదు. చుట్టూ ఆరడుగుల కంచె. పైన తాళం పడే మూత. చుట్టుపక్కల ఇరవై ఇళ్లవాళ్ల సంతకాలు.

"మూడడుగులంటే ఆవిడకి నడుందాకానే వస్తాయమ్మా. మెడదాకా కావాలి."

"కూర్చుంటే మెడదాకా వస్తాయి కదండీ మాస్టారూ."

"నిలబడ్డానికేనమ్మా కొలను."

సుగుణ ఆలోచించింది. "పక్కనే పడమటిమెట్టలో నిబంధనలు వేరేగా ఉంటాయని విన్నాను. అక్కడేం రాసుకున్నారో చూసి, ఆ ఉదాహరణ చూపించి ఇక్కడ మినహాయింపు అడగండి. పొరుగూరి నిబంధనతో పోల్చి అడిగితే వినాలని మనకో పద్ధతుంది."

ఏడో రోజు

పడమటిమెట్ట మా ఇంటి వెనకే. సముద్రం పైకొచ్చిన ఏడాది జనమంతా ఈ కొండెక్కినప్పుడు, తూర్పు వాలున దిగినవాళ్లు తూర్పుమెట్ట అయ్యారు, పడమటి వాలున దిగినవాళ్లు పడమటిమెట్ట అయ్యారు. మా ఇల్లు సరిగ్గా శిఖరం మీద ఉంది. ఇన్నేళ్లలో వాళ్ల కార్యాలయానికి నేను వెళ్లడం ఇదే మొదలు.

అక్కడ నీటి అధికారి గవరయ్య. ఎడమ చెవి నుంచి మెడ దాకా కాలిన మచ్చ ఉంది. నేను ఊరూ పేరూ చెప్పగానే టీ తెప్పించాడు.

"సొంత కొలనా? మా దగ్గర తొమ్మిదున్నాయి. లోతు నాలుగున్నర అడుగులకి తక్కువుండకూడదు. కంచె కట్టకూడదు. మూతుండొచ్చు గానీ తాళం ఉండకూడదు. వీధిలోంచి నీళ్లబండి రావడానికి తోవుండాల. అంతే."

"సంతకాలు?"

"ఎందుకూ?"

రెండూ పక్కపక్కన రాసుకున్నాను. అక్కడ ఎక్కువకి హద్దు, ఇక్కడ తక్కువకి హద్దు. అక్కడ కంచె తప్పనిసరి, ఇక్కడ కంచె నేరం. మధ్యలో మా ఇంటి మందం ఉంది, అంతే. నీళ్లు అటైనా ఇటైనా అవే నీళ్లు కదా అని గవరయ్యని అడిగాను. ఆయన నవ్వలేదు.

తొమ్మిదో రోజు

సంతకాల కోసం తిరిగాను. పద్దెనిమిది ఇళ్లవాళ్లు పెట్టారు. పంతొమ్మిదో ఇంట్లో ఒకాయన చదవకుండానే పెట్టాడు. ఇరవయ్యోది మూలింటి బంగారమ్మ. ఎనభై దాటింది. గుమ్మంలో కూచుని చింతపండు గింజ తీస్తోంది.

"ఏటి బాబూ అది?"

చెప్పాను.

చేతిలో చింతపండు కింద పెట్టింది. "నీటిని ఇంట్లోకి తెచ్చుకుంటావా" అంది. కోపంగా అనలేదు. "మనం కొండెక్కిన ఏడు తాగడానికి తొట్టి తవ్వినారు, గెనపకం ఉందా? నువ్వప్పుడు కుర్రాడివి. గట్టు నేదు, కంచె నేదు. బేగి నీళ్లు కావాలని బేగి తవ్వీసినారు. మా గుంటలిద్దరూ అందులోనే పోనారు. రత్నం, దాని సెల్లి. సెల్లిని తియ్యడానికి రత్నం దిగింది."

నాకు జ్ఞాపకం ఉంది. ఆ పిల్లల పేర్లు మాత్రం తెలియవు.

"ఆ మర్నెల్లోనే ఆ మూడడుగుల రూలు రాసినారు. నా ముందే సదివినారు. నాను సంతకం పెట్టను బాబూ. పైడిని అడిగినానని సెప్పు."

ఇంటికొచ్చి పైడికి చెప్పాను. "పెట్టొద్దనండి" అంది.

పదకొండో రోజు

పంతొమ్మిది సంతకాలతో, పడమటిమెట్ట నిబంధనల నకలుతో మినహాయింపు దరఖాస్తు పట్టుకెళ్లాను. సుగుణ తీసుకుంది. స్థలం సంఖ్య రాయడానికి పటం తెరిచింది. వేలు పెట్టి వెతికింది. మళ్లీ వెతికింది.

"మాస్టారూ, మీ పెరడు మన మెట్టలో లేదండీ."

మా పటంలో సరిహద్దు గీత మా ఇంటి వెనక గోడ వెంట పోతోంది. ఇల్లు తూర్పుమెట్ట, గుమ్మం దిగితే పడమటిమెట్ట. దరఖాస్తు వెనక్కిచ్చేసింది. నిజానికి నాకు సంతోషం వేసింది. పెరడు పడమటిమెట్టదైతే నాలుగున్నర అడుగులు, సంతకాలు అక్కర్లేదు. అక్కణ్ణుంచి అటే నడిచి గవరయ్య దగ్గరికెళ్లాను.

గవరయ్య తన పటం తెరిచాడు. ఆయన పటంలో గీత మా పెరటి ప్రహరీ వెంట పోతోంది.

"మీ పెరడు మాది కాదు మాస్టారూ. తూర్పోళ్లదే."

"వాళ్లు మీదంటున్నారు."

"కాదంటన్నాను కదా."

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ముప్పై ఏళ్లు పిల్లలకి పటాలు నేర్పాను. ఈ రెండు మెట్టల సరిహద్దు కూడా నల్లబల్ల మీద గీసేవాణ్ణి. ఏ గీత గీశానో ఇప్పుడు ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

పదమూడో రోజు

రెండు పటాల నకళ్లూ పైడి మంచం పక్కన నేల మీద పరిచాను. ఇప్పుడు దిండు ఆనించి అరగంట కూర్చోగలుగుతోంది. వంగి చూసింది.

"అంటే మన పెరడు ఎవళూ వొద్దన్నారన్నమాట."

అదే అయింది. పాత కాగితాలు వెతికితే కారణం తెలిసింది. అప్పట్లో శిఖరం మీద చరియలు జారేవి. ఎవరి నేల జారితే వాళ్లే గట్టు కట్టాలి. ఇద్దరు సర్వేయర్లూ మా పెరడుని మర్యాదగా అవతలివాళ్లకి వదిలేశారు.

కానీ ఒప్పందం కాగితం ఒక్కటే, దాని మీద రెండు వైపుల సంతకాలూ ఉన్నాయి. అందులో ఉన్నది ఒక్క వాక్యం. కురిసిన నీరు తూర్పుకి పారితే ఆ నేల తూర్పుమెట్టది, పడమటికి పారితే పడమటిమెట్టది. గీత సంగతి అందులో లేనే లేదు.

"అయితే నీళ్లు పోసి సూడమనండి" అంది పైడి.

పదిహేనో రోజు

పోశారు. సుగుణ తూర్పు కుళాయి నుంచి రెండు బిందెలు, గవరయ్య పడమటి ఊట నుంచి రెండు బిందెలు తెచ్చారు. నేల మీద నీళ్లు పారబోయడం ఈ కొండ మీద ఎవరూ చూసి ఎరగరు. అందుకని చూడ్డానికి ప్రహరీ పొడుగునా జనం నిలబడ్డారు. పైడిని మంచంతో సహా వెనక గుమ్మం దాకా జరిపాము.

మొదటి బిందె నేల తాగేసింది. ఎటూ పారలేదు. రెండోది కూడా తాగేసింది.

"ఇది ఎవరి నేలా కాదంటే ఎలాగండీ" అంది సుగుణ.

మూడో బిందె సగందాకా పోశాక నీళ్లు నిలిచి, కదిలి, ప్రహరీ వైపు పాయగా సాగాయి. గవరయ్య ముఖం మాడింది. అప్పుడు నాలుగో బిందె సుగుణ తీసుకుని రెండడుగులు ఇవతల పోసింది. అది ఇంటి గోడ వైపు వచ్చింది.

ఇద్దరూ వంగి, కొలిచి, మేకులు కొట్టారు. నీళ్లు వీడిపోయే చోటు సరిగ్గా పెరడు మధ్యలో తేలింది. సగం తూర్పుమెట్ట, సగం పడమటిమెట్ట. ఎవరిదీ కాని పెరడు పొద్దు వాలకముందే ఇద్దరిదీ అయింది. ఇది మంచికో చెడుకో నాకు అంతుపట్టలేదు.

పద్దెనిమిదో రోజు

చెడుకే. రెండు కార్యాలయాల నుంచీ కాగితాలొచ్చాయి. కొలనులో ఏ భాగం తమ నేలలో ఉన్నా మొత్తానికి తమ నిబంధనే వర్తిస్తుందని తూర్పుమెట్ట రాసింది. పడమటిమెట్టా అదే మాట రాసింది. ఒకరు కంచె కట్టమన్నారు, ఒకరు కడితే కూల్చుతామన్నారు. ఒక సగంలోనే కడదామంటే, నడవడానికి ఇరవై నాలుగు అడుగుల పొడవుండాలని డాక్టరు చెప్పింది. సగం పెరడు చాలదు.

ఇంకా పన్నెండు రోజులు.

పంతొమ్మిదో రోజు

కొత్త దరఖాస్తులో పైడి గుర్తింపు సంఖ్య కావాలి. ఆమె నిద్రపోతోంది. గని నుంచి తెచ్చుకున్న రేకుపెట్టె నేనే తీశాను. కార్డు కింద ఒక కాగితం ఉంది. భూమి ఒంటికి పడనివాళ్లు శాశ్వతంగా గనికి తిరిగి వెళ్లిపోవడానికి పెట్టుకునే కోరిక పత్రం. దిగిన నలభై అయిదో రోజు లోపు సంతకం చేయాలి. పేరు నింపి ఉంది. సంతకం లేదు.

మధ్యాహ్నం గంజి తాగించి, కాగితం ముందు పెట్టాను.

"ఇదేంటి పైడీ?"

చూసింది. దాచుకోవాలని ప్రయత్నించలేదు. "పోతానని రాయలేదు. పోనని రాయలేదు."

"నాకొక మాట చెప్పొచ్చు కదా."

"ఏటని సెప్పను మాస్టారూ? వారానికో సారి నాలుగు ముక్కలు రాసుకున్నాం. మూడో ఏడుకి మీ గొంతు మరిసిపోనాను. రాసిన మాటకి గొంతుండదు కదా. ఇక్కడికొచ్చినాక గొంతు తెలిసింది. మడిసే తెలీడం నేదు. మీరు నాకు గంజి పడతన్నారు, ఒళ్లు తుడుస్తన్నారు. ఎవరో పరాయాయన చేత సేయించుకుంటన్నట్టుంది."

నేను చెంబు సర్దాను. గరిటె సర్దాను.

"అక్కడ నాను యంత్రం నడిపీదాన్ని. నా కింద ఆరుగురుండీవోరు. ఎగిరి మెట్లెక్కీదాన్ని" అంది. "ఇక్కడ చెయ్యెత్తి జుత్తు దువ్వుకోలేను."

అయితే కొలను ఎవరి కోసం అని అడగాలనుకున్నాను. అడగలేదు. బయటికెళ్లి, దరఖాస్తు పూర్తి చేశాను. వెళ్లిపోవాలనుకునే మనిషి కోసమో, ఉండాలనుకునే మనిషి కోసమో తెలియకుండా పొడవూ వెడల్పూ రాశాను. నాకు చేతనైన పని అదొక్కటే.

ఇరవై రెండో రోజు

రెండు మెట్టలవాళ్లనీ పెరట్లోకే పిలిచాను. సుగుణ, గవరయ్య వచ్చారు. బంగారమ్మ పిలవకుండానే కర్ర పట్టుకుని వచ్చింది. గుమ్మంలో పైడి మంచం.

సుగుణ తన నిబంధన చదవబోతే బంగారమ్మ ఆపింది. "అది నాకు తెలుసు" అని గవరయ్య వైపు తిరిగింది. "మీరెందుకు బాబూ కంచె వొద్దంటారు? మీ ఊళ్లో పిల్లల్లేరా?"

గవరయ్య చేతిలో కాగితం మడిచాడు. "ఉన్నారమ్మా. ఎండలు ముదిరిన ఏడు మా వీధి అంటుకుంది. నీళ్లున్న తొట్టి ఒక్కటే. దాని చుట్టూ ఇనపకంచె. తాళం యజమాని దగ్గరుంది, ఆయన దిగువకి పోయినాడు. నాను కంచె ఇరగ్గొట్టి లోపలికెళ్లీసరికి నీళ్లు మోకాల్లోతుకి లేవు. పదకొండిళ్లు పోయినాయి. మా అన్నయ్య ఇల్లు ఒకటి." చెయ్యి మెడ మీదికి పోయింది. "ఆ తర్వాతే లోతుండాల, కంచె ఉండకూడదు అని రాసుకున్నాం."

రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని పదిహేను రోజులుగా చదువుతున్నాను, ఎవరికి బుర్ర లేదా అని. ఒక ఊరు నీటికి భయపడింది. ఇంకో ఊరు నిప్పుకి భయపడింది. అంతకు మించి వాటిలో ఏమీ లేదు.

పైడి గుమ్మంలోంచి పిలిచింది. గొంతు సన్నగా ఉంది గానీ, పని చెప్పే మనిషి గొంతది. నేనెప్పుడూ వినలేదు.

"గీత మీదే తవ్వండి. అటు మొదల నాలుగున్నర, ఇటు సివర మూడు. అడుగున వాలు పెట్టండి. గీత దగ్గరికొచ్చీసరికి తూరుపోళ్ల వైపు మూడడుగులకి తేల్చీండి. ఎవరి నేలలో ఎవరి లోతు ఆళ్లదే. మంచులో ఇలాటియి వంద తవ్వించినాను."

సుగుణ రాసుకుంది. గవరయ్య మేకుల దగ్గరికెళ్లి అడుగులేసి చూసుకుని, నీళ్లబండి ఆగే మొదట్లో నాలుగున్నర ఉంటే చాలు, కుదురుతుందన్నాడు. తాళం పడే మూతే ఉంటుంది, తాళం మాత్రం ఉండదు. చిక్కు కంచె దగ్గర వచ్చింది. సగానికి కంచె కట్టి సగానికి వదిలేస్తే పిల్లలు అటు నుంచి వస్తారు.

"మూత తీసినంతసేపూ ఒక మడిసి ఒడ్డున కూకోవాల. అలగని రాసుకోండి" అంది బంగారమ్మ.

"ఎవరు కూర్చుంటారు పెద్దమ్మా, రోజూ?" అన్నాను.

"నానే. నాకేటి పనుంది."

సుగుణ కంచె అన్న గడిలో "కాపలా మనిషి" అని రాసి, పక్కన బంగారమ్మ పేరు రాసింది. ఆ కాగితం మీద ఆమె వేలిముద్ర పడింది. ఇరవయ్యో సంతకం అడగడానికి ఆమె ఇంటికెళ్లిన రోజు ఇలా అవుతుందని నేననుకోలేదు.

ఇరవై తొమ్మిదో రోజు

తవ్వకం, పూత, ఆరబెట్టడం ఆరు రోజుల్లో అయ్యాయి. పైడి గుమ్మంలోంచి వాలు సరిచేయిస్తూనే ఉంది. తవ్వేవాళ్లు ఆమెని అమ్మగారూ అనడం మానేసి మేస్త్రమ్మా అంటున్నారు. నీళ్లు ఇరవై వేల లీటర్లు. సగం ఇటు గొట్టం నుంచి, సగం అటు ఊట నుంచి. రెండు గొట్టాలూ ఒకేసారి వదలమని రెండు కార్యాలయాలూ ఉత్తర్వు ఇచ్చాయి. ఎవరి నీళ్లు ముందు పడినా తగువే కదా.

సాయంత్రం డాక్టర్ రెహానా వచ్చి చూసింది. వాలు దగ్గర ఆగి, "ఇది ఎవరు చెప్పారండీ? కేంద్రంలో మూడు కొలనులు వేరువేరు లోతుల్లో కట్టారు. మాకిది తోచలేదు" అంది.

రెండు మెట్టల నిబంధనలు చెప్పించాయి, పైడి చెప్పింది అన్నాను.

ముప్పయ్యో రోజు

పొద్దున ఏడింటికి పైడిని పడమటి వైపు నుంచి దింపాము. నేను ముందు దిగి చేతులు చాచాను. నీళ్లు భుజాలెక్కాయి, మెడకొచ్చాయి. ఆమె పాదాలు అడుగుని తాకడం నా చేతులకి తెలిసింది. నెమ్మదిగా నా చేతులు వదిలింది.

నిలబడింది.

ముఖమంతా మారిపోయింది. కళ్లు మూసుకుని ఒక కాలు ఎత్తింది. తర్వాత రెండోది. నీళ్లలో చిన్నగా ఎగిరి దిగింది. తొమ్మిదేళ్లు ఆమె ఎలా నడిచిందో అప్పుడు చూశాను. ఒడ్డున బంగారమ్మ కర్ర మీద గడ్డం ఆనించి రెప్ప వేయకుండా చూస్తోంది.

నిలబడ్డది: ఇరవై రెండు నిమిషాలు. నొప్పి: అడగడం మరిచిపోయాను.

ముప్పై ఎనిమిదో రోజు

పడమటి చివర దాటి రావడం లేదు. రోజూ గంట సేపు ఉంటోంది, నడుస్తోంది, అంతా ఆ మొదట్లోనే. తూర్పుకి రెండడుగులు వేసి, భుజాలు నీళ్లలోంచి బయటపడగానే వెనక్కి పోతుంది. కొంచెం ఇటు రమ్మని డాక్టరు బతిమాలింది. నేను బతిమాలాను.

"ఇక్కడ బాగుంది" అంటుంది.

ఆమెకి భూమి అలవాటు చేయడానికి తవ్వించానో, పెరట్లో ఒక చంద్రుణ్ణి తవ్వించానో తెలియడం లేదు. రేకుపెట్టె మంచం కింద ఉంది. మళ్లీ తెరవలేదు.

నలభై నాలుగో రోజు

సాయంత్రం కేంద్రం నుంచి ఫోను వచ్చింది. రేపటితో గడువు, ఆమె నిర్ణయం చెప్పాలన్నారు. పైడి నీళ్లలో ఉంది. ఫోను తీసుకెళ్లి కొలను పక్కన చతికిలబడి, చెయ్యి చాచి ఆమె చెవి దగ్గర పెట్టాను. లేచి దూరంగా వెళ్లలేక, అలాగే ఉండలేక, తల మాత్రం పక్కకి తిప్పుకున్నాను.

"సెప్పండి" అంది. విన్నది. ఇటు చూసింది. నా చొక్కా చెయ్యి మోచేతి దాకా తడిసిపోయి ఉంది. వానలో తడిసిన కోడిలా ఉన్నానని తర్వాత బంగారమ్మ చెప్పింది.

"నాను పోనులెండి" అంది పైడి ఫోనులోకి. "ఇక్కడ వాలు మీద ఉన్నాను. సగంలో ఒగ్గీసి రాలేను."

ఫోను తీసేశాను.

"సంబరపడకండి మాస్టారూ. మీరెవరో ఇంకా తెలీదు నాకు" అంది. "రేపట్నుంచి ఆ గరిటె నాకివ్వండి. నానే తింటాను. మీరెదురుగా కూకుని ఏటైనా సెప్పండి. గొంతు వింటాను."

ఏం చెప్పాలో తోచక, పెరటి సరిహద్దు పాత కాగితాల కథ మొదటి నుంచీ చెప్పాను. ఆమె వింటూ వింటూ మూడడుగులు తూర్పుకి వేసింది. ఛాతీ బయటపడింది. ఆగింది. వెనక్కి పోలేదు.

యాభై ఆరో రోజు

గీత దాటింది. నడుంలోతు. కాళ్లు వణికాయి, పళ్లు బిగించింది. తూర్పుగట్టు పట్టుకుని రెండు నిమిషాలు నిలబడి, బూతు మాట ఒకటి అంది. గనిలో నేర్చుకున్నదట. బంగారమ్మ విననట్టు నటించింది.

డెబ్బై ఒకటో రోజు

పడమటిమెట్ట నుంచి గవరయ్య వచ్చాడు. వాళ్ల ఊరి అమ్మాయి నాగేశ్వరి పోయిన వారం గని నుంచి దిగిందట. పాతికేళ్లుంటాయి. కేంద్రంలో వరస అలాగే ఉంది. మీ కొలనులో రోజూ ఒక గంట దించవచ్చా అని అడిగాడు.

నేను సుగుణ దగ్గరికి పరుగెత్తాను. బయటివాళ్లు దిగితే అది సొంత కొలను కాదు, ఊరి కొలను అవుతుంది. ఊరి కొలనుకి తూర్పుమెట్టలో వేరే నిబంధనలు, పడమటిమెట్టలో వేరే నిబంధనలు. ఒకరు స్త్రీలకీ పురుషులకీ వేరు వేళలు రాయాలన్నారు. ఒకరు ఏ వేళా మూయకూడదన్నారు. సుగుణ రెండు పుస్తకాలూ తెరిచి నా ముందు పెట్టింది. ఆ అమ్మాయి సగం కొలనులోనే ఉంటే ఏమవుతుందని అడిగాను. సుగుణ తల పట్టుకుంది.

ఏమీ తేలకుండానే ఇంటికొచ్చాను. అప్పటికే వాళ్లు అమ్మాయిని తీసుకొచ్చేశారు. పడమటి ఒడ్డున బల్ల మీద పడుకోబెట్టారు. పెదాలు తెల్లగా ఉన్నాయి. నీళ్లని చూసి ఏడుస్తోంది. బంగారమ్మ కర్రతో దారి చూపిస్తోంది.

పైడి తూర్పు చివర నడుంలోతులో ఉంది. నన్ను చూసి, "అనుమతొచ్చిందా?" అంది.

"రాలేదు. ఏం రాయాలో వాళ్లకే తెలీడం లేదు."

"రాసుకోమనండి" అని వెనక్కి తిరిగింది. లోతులోకి నడిచింది. నీళ్లు ఛాతీకి, భుజాలకి, మెడకి వచ్చాయి. పడమటి గట్టు దగ్గర ఆగి, బల్ల మీది అమ్మాయికి రెండు చేతులూ చాచింది.

"రా తల్లీ, దిగు. ఇక్కడ బరువుండదు. అటెళ్లేకొద్దీ వొస్తది. కొంచెం కొంచెంగానే వొస్తది, ఒక్కపాలి మీద పడదు. నాను పట్టుకునే ఉంటాను."